పురుగుమందుల రీసెర్చ్‌కి యూనివర్సిటీ వాళ్ళకి ఊరివాళ్ళతో పనేంటి?

ఊరివాళ్ళు కలిసి రాకపోతే ఆ రీసెర్చ్ సగమే అవుతుంది, ఎందుకంటే ల్యాబ్ రక్తంలో తేడా చెప్తుంది గానీ మందు ఒంట్లోకి ఎట్లా పోయిందో కొట్టినోళ్ళే చెప్పాలి. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నరాలు సరిగ్గా పనిచేయడానికి కావాల్సిన కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు, రక్తంలో ఆ ఎంజైమ్ మామూలుగానే ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి సీజన్‌కి ముందు ఒకసారి, మందు కొట్టాక ఇంకోసారి రక్తం ఇవ్వాలి. మన ఆదిలాబాద్ పక్కనే, పెన్‌గంగ నది అవతల మహారాష్ట్రలోని యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు, పాపం ఎక్కువగా కూలోళ్ళే. ఎత్తు పెరిగిన చేన్లో పైకి కొడితే మందు మొహం మీద పడుతుంది, తడిసిన చొక్కాతోనే సాయంత్రం దాకా ఉంటారు, రెండు మూడు మందులు కలిపేస్తారు, ఇవేవీ రిపోర్ట్‌లో కనపడవు. చాలామంది ఒక్కసారి టెస్ట్ నార్మల్ వస్తే ఏం కాలేదనుకుంటారు, అది తప్పు, ముందు ఎంత ఉండేదో తెలియకుండా నార్మల్ అనలేం.