నీ కారు గాలి ఎక్కడి నుంచి పీలుస్తోంది, అల్లుడూ?

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ విజయవాడలో అందరం క్షేమం. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కారుకి, బయటి చల్లగాలిని ఇంజిన్‌కి అందించే పైపూ ఫిల్టరూ ఉన్న కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టించావని, తొక్కితే శబ్దం అదిరిపోతోందని మీ అమ్మ కూడా ఫోన్లో చెప్పింది. గాలి లోపలికి దూసుకుపోయే ఆ హోరంటే నాకూ ఇష్టమేరా. కానీ మూడో ఫొటోలో ఫిల్టర్ ఎక్కడ వేలాడుతోందో చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. బంపర్ వెనక, ఫాగ్ ల్యాంప్ పక్కన, దాదాపు నేలకి దగ్గరగా ఉంది. జూన్ వచ్చేస్తోంది. హైదరాబాద్‌లో నువ్వు రోజూ ఆఫీసుకి వెళ్లే దారి నేను చూసిందే. ఫోన్లో చెబితే సగం వింటావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

కంపెనీ వాళ్లు ఇచ్చిన గాలి గొట్టం నోరు ఎక్కడ ఉండేదో గుర్తుందా? బానెట్ ఎత్తితే రేడియేటర్ పైన, గ్రిల్ వైపు తిరిగి ఉండేది. నేల నుంచి రెండడుగుల పైమాటే. అక్కడి నుంచి గాలి ఆ నల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లి, పేపర్ ఫిల్టర్ దాటి ఇంజిన్‌లోకి పోయేది. డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. నాలుగు చినుకులు లోపలికి వచ్చినా అందులోంచి కారిపోతాయి. ఆ డబ్బా చూడ్డానికి అందంగా ఉండదు, నిజమే. కానీ దాన్ని గీసినవాడు నీళ్ల సంగతి ముందే ఆలోచించాడు.

నీకు కిట్ అమ్మినవాడు చెప్పిన మాటలో అబద్ధం లేదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ, కాబట్టి ఇంజిన్‌కి మంచిదే. అయితే కంపెనీ గొట్టం కూడా గ్రిల్ దగ్గరి నుంచి బయటి గాలినే తీసుకునేది. టర్బో, అంటే గాలిని లోపలికి బలంగా తోసే పంకా, లేని నీ చిన్న ఇంజిన్‌కి కొత్తగా కలిసొచ్చే పవర్ ఏమంత ఉండదు. మారిందల్లా శబ్దం, నోరు ఉన్న ఎత్తు. నన్నడిగితే ఆ ఎత్తు గురించే నువ్వు ముందు అడగాల్సింది.

ఈ ఆదివారం టేపు పట్టుకుని, ఫిల్టర్ కింది అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలువు. తర్వాత చక్రం మధ్య భాగం ఎత్తు కొలువు. నీ టైరు సైజుకి అది దాదాపు ఒక అడుగు ఉంటుంది. ఫిల్టర్ అంచు దానికి సమానంగానో, ఇంకా కిందనో ఉంటే మోకాలి లోతు కూడా రాని నీళ్లలోనే నీ ఇంజిన్ నోరు మునిగిపోతుందన్నమాట. ఇంకో పని కూడా చెయ్యి. చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్‌ని మెకానిక్ తిరిగి బిగించాడా, కోసి పారేశాడా చూడు. పైపుకి చోటు చాలక దాన్ని కోసేసేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే టైరు చిమ్మే నీళ్లూ బురదా నేరుగా ఫిల్టర్ మీదే పడతాయి.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో లెక్కేసి చూపిస్తాను. నీది 1200 సీసీ, నాలుగు సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నలిపేస్తుందో ఆ లెక్క, 11 అనుకుందాం. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ 30 సీసీ. దగ్గు మందు సీసా మూతతో మూడు మూతలు, అంతే. గాలి అయితే ఆ ఇరుకులో నలిగి సర్దుకుంటుంది, నీళ్లు నలగవు. అంతకన్నా ఎక్కువ నీళ్లు ఒక్క సిలిండర్‌లోకి పోయినా చాలు, పిస్టన్ పైదాకా రాలేదు. కింద తిరిగే ఇరుసు లాంటి క్రాంక్‌ షాఫ్ట్ మాత్రం దాన్ని పైకి నెడుతూనే ఉంటుంది. ఆ రెండింటినీ కలుపుతూ మధ్యలో చిక్కుకున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. డీజిల్ ఇంజిన్‌లో ఆ ఖాళీ ఇంకా తక్కువ. 1500 సీసీ, నాలుగు సిలిండర్లు, రేషియో 16 అయితే 25 సీసీనే. మీ ఫ్రెండు తన డీజిల్ ఎస్‌యూవీకి కూడా ఇదే పెట్టిస్తానంటున్నాడని రాశావు. బండి ఎత్తుగా ఉందని ధైర్యం కాబోలు. గొట్టాన్ని బంపర్ దాకా దింపాక బండి ఎత్తుగా ఉండి లాభమేంటి? 2020లో వచ్చిన మహీంద్రా థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్లగలదని కంపెనీ చెప్పింది. ఆ మాట కంపెనీ బిగించిన గొట్టంతో ఉన్న బండికే.

ఇంజిన్ ఎంత బలంగా పీలుస్తుందో కూడా తెలియాలి నీకు. 3000 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కితే నీ ఇంజిన్ సెకనుకి 30 లీటర్ల దాకా గాలి లాగుతుంది. ఫిల్టర్‌లో కొంత భాగం పైకి తేలి ఉన్నంతసేపు గాలే వస్తుంది. మొత్తం మునిగిన క్షణం నుంచి నీళ్లు వస్తాయి. రెండడుగుల పైపులో నీళ్లను పైకి లాగడం దానికి ఒక లెక్క కాదు.

మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. నీళ్లలో సైలెన్సర్ మునిగితే ఇంజిన్ పోతుందని, అందుకే యాక్సిలరేటర్ వదలకుండా గట్టిగా తొక్కుతూ దాటేయాలని. ఇంజిన్ నడుస్తున్నంతసేపు పొగ ఒత్తిడే సైలెన్సర్‌లోకి నీళ్లు రాకుండా నెడుతుంది. భయపడాల్సింది ముందు వైపున ఉన్న నోటి గురించి. గట్టిగా తొక్కితే ముందు అల లేస్తుంది, పీల్చుడు పెరుగుతుంది, ఆ వేగంలో నీళ్లు దొరికితే రాడ్ వంగే బలం కూడా ఎక్కువే. యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో నీళ్లు పీల్చిన ఇంజిన్ ఒక్కోసారి ఊరికే ఆగిపోయి బతికిపోతుంది. 3000 మీద పీల్చింది బతకడం కష్టం.

అలాగని చినుకు పడగానే కంగారు పడకు. వానలో తడిసినంత మాత్రాన, ఎదురుగా వచ్చే లారీ కాస్త చిమ్మినంత మాత్రాన ఇంజిన్ లాక్ అవదు. నీళ్లు నిలిచిన చోటే ప్రమాదం. మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద, రాజ్‌భవన్ రోడ్డులో గంట గట్టిగా కురిస్తే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి నువ్వు అక్కడే ఉన్నావు కదా. నీళ్లు ఎదుటి బండి చక్రం సగానికి వచ్చాయంటే, ఈ ఇన్‌టేక్ ఉన్నంతకాలం నువ్వు అక్కడే ఆగిపో. ముందు వెళ్లిన కారు దాటిందని వెళ్లకు, దాని గొట్టం ఎక్కడుందో నీకు తెలియదు. పక్క నుంచి ఆర్టీసీ బస్సు వెళ్తే వచ్చే అల ఒక్కటి చాలు, అప్పటిదాకా తేలుతున్న ఫిల్టర్ మునగడానికి. తప్పనిసరై దిగాల్సి వస్తే ఫస్ట్ గేర్‌లో, మధ్యలో ఆగకుండా, నడిచే వేగంతో వెళ్లు. పెద్ద బండి పూర్తిగా దాటిపోయాకే దిగు.

ఇక మిగతాదంతా మరిచిపోయినా ఈ మాట మాత్రం గుర్తుంచుకో. నీళ్లలో బండి ఠక్కున ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. ఒక్కసారి కూడా వద్దు. వెనక హారన్లు మోగినా, పక్కవాడు ట్రై చేసి చూడు అన్నా వద్దు. కీ ఆఫ్ చేసి, నలుగురి సాయంతో పక్కకి నెట్టించు. నీళ్లు ఇంకా పెరుగుతుంటే బండిని వదిలేసి ముందు నువ్వు బయటికి వచ్చెయ్. తర్వాత టోయింగ్ బండి పిలువు. తాడు కట్టించి గేర్‌లో వేసి లాగించి స్టార్ట్ చేయించడం అసలే వద్దు, సెల్ఫ్ కన్నా అది ఇంకా ఘోరం.

షెడ్డుకి చేరాక మెకానిక్ ఏం చేయాలో నీకూ తెలిసి ఉండాలి. ముందు బ్యాటరీ టెర్మినల్ తీయాలి. ఫిల్టర్ ఊడదీసి పైపులోకి చెయ్యి పెట్టి చూడాలి. పైపు లోపల తడిగా ఉంటే ఇంక అనుమానం లేదు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. నీళ్లు ఉన్న సిలిండర్ ప్లగ్ రంధ్రంలోంచి బురద నీళ్లు బానెట్ దాకా ఎగజిమ్ముతాయి, మురిక్కాలవ వాసనతో. అవన్నీ పోయేదాకా తిప్పి, ఆయిల్ కొంచెం లోపల పోసి, ఇంజిన్ ఆయిల్ రంగు చూడాలి. పాలు కలిసినట్టు తెల్లబడితే మొత్తం మార్చాల్సిందే. టర్బో డీజిల్ అయితే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా విప్పి వంపాలి, నీళ్లు దాని అడుగున నిలిచి ఉంటాయి. ఇవన్నీ వదిలేసి ఎవరైనా వస్తూనే సెల్ఫ్ కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు దీన్ని మేం రోజూ చూశాం. ఇంటి ముందు నిలబెట్టిన కార్లు మునిగాయి. ఆగి ఉన్న బండి నీళ్లు పీల్చదు. కానీ నీళ్లు వాటంతట అవే గొట్టంలోంచి దిగి, తెరిచి ఉన్న వాల్వుల గుండా సిలిండర్లలో చేరతాయి. నీళ్లు తీశాక, ఆత్రం కొద్దీ సెల్ఫ్ కొట్టి చూసినవాళ్లు ఇంజిన్ దించుకోవాల్సి వచ్చింది. ముట్టుకోకుండా షెడ్డుకి తెచ్చినవాళ్ల ఇంజిన్లు చాలావరకు బాగుపడ్డాయి.

బండి మళ్లీ స్టార్ట్ అయిందని అప్పుడే సంబరపడకు. రాడ్ కొంచెం వంగినా ఇంజిన్ నడుస్తుంది. కానీ పిస్టన్ మునుపటి ఎత్తుకి రాదు కాబట్టి ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గుతుంది. నాలుగింటికీ కంప్రెషన్ టెస్ట్ చేయించు. ఒకదానికి మాత్రమే తక్కువ వస్తే సిలిండర్ల మీది మూత, అంటే హెడ్ విప్పించి చూడాలి. ఆ సిలిండర్ గోడ మీద మసి గీత మిగతావాటికన్నా కిందికి ఉంటే రాడ్ వంగినట్టే. దాన్ని అలాగే తిప్పితే కొన్ని నెలల తర్వాత ఏ హైవే మీదో రాడ్ విరిగి బ్లాకుని చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు పక్కన ఎవరెవరు కూర్చుని ఉంటారో ఆలోచించు.

ఇన్‌టేక్ తీసి పారేయమని చెప్పను. కొన్ని కిట్లలో పైపు రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్క తీసేసి ఫిల్టర్‌ని పైనే, బానెట్ కింద బిగించుకోవచ్చు. గాలి కాస్త వేడిగా వస్తుంది, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. నీది అలాంటిదైతే జూన్ నుంచి అక్టోబర్ దాకా అలా నడుపు. కాకపోతే పాత డబ్బా తిరిగి పెట్టించి, అందులోనే పట్టే కాటన్ ఫిల్టర్ ఒకటి వేసుకో. దానికి ఆయిల్ రాసేటప్పుడు ఎక్కువ రాయకు, లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండి అయితే దానికి పట్టి చెడిపోతుంది. ఫిల్టర్ మీద తొడిగే వాటర్‌ప్రూఫ్ గుడ్డ చిమ్మే నీళ్లకి పనికొస్తుంది, మునిగితే ఆపలేదు. పైపు మధ్యలో బైపాస్ వాల్వు పెడతారు, ఫిల్టర్ మునిగితే అది పై నుంచి గాలి తీసుకుంటుంది. నీకు పనికొస్తుంది కానీ మీ ఫ్రెండు టర్బోకి పనికిరాదు, ఆ మాట వాడికి చెప్పు.

ఇన్సూరెన్స్ కాగితం కూడా తీసి చూడు. మామూలు పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది గానీ, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే సాధారణంగా డబ్బు రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి, బండి పాతబడ్డాక చాలా కంపెనీలు అది ఇవ్వవు. ఇన్‌టేక్ మార్చిన సంగతి వాళ్లకి రాతపూర్వకంగా తెలియజెయ్యి. లేకపోతే క్లెయిమ్ రోజున వాళ్లకి అదే సాకు దొరుకుతుంది. వారంటీ ఇంకా ఉంటే సర్వీస్ సెంటర్లోనూ అడుగు.

పాత డబ్బా, దాని క్లిప్పులు, గొట్టం ఆ మెకానిక్ దగ్గరే వదిలేశావని మీ అమ్మ చెప్పింది. వాటిని ఎవరికైనా అమ్మేయకముందే రేపే వెళ్లి తెచ్చుకో. టేపు పెట్టి కొలిచిన ఎత్తు రాత్రికి నాకు మెసేజ్ చెయ్యి, లైనర్ ఫొటో కూడా పంపు. కోసేసి ఉంటే కొత్తది ఏది కొనాలో చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య