ఇంట్లో బీరు చేసేటప్పుడు, ఈస్ట్ వేసే ముందు వర్ట్ (ఇంకా పులియని బార్లీ రసం) అంతా ఒకేలా చల్లబడాలంటే ఏం చేయాలి?

వేడి వర్ట్‌లో రాగి కాయిల్ (చుట్టలా వంచిన గొట్టం) పెట్టి దాని లోపల నీళ్ళు వదిలితే కింద చల్లబడుతోంది, పైన వేడి అలాగే ఉంటోంది, ప్లేట్ చిల్లర్ (లోహపు పలకల మధ్య వర్ట్‌ని పారించి చల్లార్చే పరికరం) కొనాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదు. ఉన్న కాయిల్‌నే కదపండి. మీ సమస్య చల్లదనం చాలకపోవడం కాదు, అది గిన్నె అంతా కలవకపోవడం.

నా మూడో బ్యాచ్ ఇలాగే పోయింది. 20 లీటర్లు, గంటసేపు మరిగించాను. ఆఖరి 15 నిమిషాలు కాయిల్‌ని మరిగే వర్ట్‌లోనే ఉంచి శుద్ధి చేశాను. పొయ్యి ఆపి, నీళ్ళు వదిలి, థర్మామీటర్‌ని కాయిల్ మధ్యకు వేలాడదీసి కూర్చున్నాను. 40 నిమిషాలకు 20 డిగ్రీలు చూపించింది. గిన్నె కింది కుళాయి తిప్పి ఫర్మెంటర్‌లోకి, అంటే పులియబెట్టే డబ్బాలోకి, వదిలాను. మొదటి నాలుగైదు లీటర్లు చల్లగా వచ్చాయి, వెంటనే ఈస్ట్ వేసేశాను.

సగం దిగాక గిన్నె వంచుదామని పక్కన అరచెయ్యి ఆనించాను. అడుగున చల్లగా ఉంది. జానెడు పైకి జరిపేసరికి చురుక్కుమంది. గీత గీసినట్టు కింద చన్నీళ్ళు, పైన వేణ్నీళ్ళు. మొత్తం దిగాక ఫర్మెంటర్‌లో చూస్తే 30 డిగ్రీలు. నేను వేసింది 18 నుంచి 20 దగ్గర పనిచేయాల్సిన ఏల్ (ఒక రకం బీరు) ఈస్ట్. మర్నాటికల్లా విపరీతంగా పొంగింది. రెండు వారాల తర్వాత మూత తీస్తే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. అంత కష్టపడి చేసినదంతా పారబోశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జరిగింది ఇదీ. కాయిల్‌ని ఆనుకున్న వర్ట్ చల్లబడి బరువెక్కి అడుక్కి దిగుతుంది. వేడిది పైనే తేలుతుంది. ఇక దాని జోలికి ఎవరూ పోరు. కాయిల్ చుట్టూ చల్లటి పొర కమ్ముకుని, లోపల పారే నీళ్ళకు అందాల్సిన వేడి అందదు. కావాలంటే బయటికొచ్చే పైపు పట్టుకుని చూడండి. కాసేపటికి అది గోరువెచ్చగా మారుతుంది. అప్పుడు కాయిల్‌ని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించండి, పైపు మళ్ళీ వేడెక్కుతుంది. స్నానానికి వేణ్నీళ్ళలో చన్నీళ్ళు పోసుకుంటే చేత్తో కలపకుండా ఒంటి మీద పోసుకుంటామా? ఇదీ అంతే. ఆగకుండా కదపడం మొదలుపెట్టాక నాకు 40 నిమిషాల పని 20లో అయిపోతోంది.

వేడి మీద కలిపితే ఆక్సిజన్ చేరి బీరు పాడవుతుందని భయపెట్టేవాళ్ళున్నారు. నురగ లేచేలా చిలక్కండి, చాలు. కాయిల్ పైకొచ్చిన గొట్టం కొసలు పట్టుకుని మెల్లగా తిప్పితే ఏమీ కాదు. 80 డిగ్రీలు దాటి ఉన్నంతసేపు మూత పెట్టకండి. ఉడికిన మొక్కజొన్న వాసనకు కారణమైన డీఎంఎస్ అనే పదార్థం అప్పుడే బయటికి పోవాలి. 60 కిందికి దిగాక మాత్రం మూత ఓరగా వేసి, సందులోంచి కాయిల్ ఆడించండి. అప్పుడు బ్యాక్టీరియా పడితే చంపేంత వేడి ఉండదు.

ఇంకో మాట. 'పది నిమిషాల్లో చల్లార్చేశాను' అని రాసేవాళ్ళు తమ కుళాయి నీళ్ళు ఎన్ని డిగ్రీలో ఎందుకు రాయరో నాకర్థం కాదు. కుళాయిలో 28 డిగ్రీల నీళ్ళొస్తే ఎంత కలిపినా వర్ట్ 28 కిందికి దిగదు. ఆ రాతలు చూసి కొత్తవాళ్ళు తమ కాయిల్ పనికిరాదనుకుని డబ్బు తగలేస్తారు. 40 వరకు కుళాయి నీళ్ళతో దించండి. ఆ తర్వాత బకెట్లో ఐసు నీళ్ళు పెట్టి, చిన్న పంపుతో కాయిల్‌లో తిప్పండి. 20 లీటర్లను 40 నుంచి 20కి దించడానికి నాలుగైదు కిలోల ఐసు సరిపోతుంది. మొదట్నుంచీ ఐసే వాడితే 15 కిలోలు దాటుతుంది.

నన్నడిగితే వేగం కంటే సమానంగా చల్లబడటమే ముఖ్యం. ఆస్ట్రేలియాలో చాలామంది వేడి వర్ట్‌ని ప్లాస్టిక్ క్యాన్‌లో నింపి, బిగించి, మర్నాటిదాకా వదిలేస్తారు. వాళ్ళ బీరు బాగానే ఉంటుంది. కాకపోతే వేడి ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) చేదు ఇంకాస్త దిగుతుంది, అది చూసుకుని వేసుకోవాలి.

ప్లేట్ చిల్లర్ ఒకటి వాడి చూశాను. హాప్స్ పిప్పి ఇరుక్కుంటే కడగలేక చచ్చాను, మళ్ళీ కాయిల్‌కే వచ్చేశాను. మీరు కూడా దాంతోనే కానివ్వండి. చల్లబడింది అనిపించాక కలపడం ఆపి రెండు నిమిషాలాగండి. థర్మామీటర్‌ని ఒకసారి అడుగున, ఒకసారి పైనుంచి రెండు వేళ్ళ లోతులో పెట్టండి. రెండింటికీ ఒక్క డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే ఈస్ట్ ప్యాకెట్ చించకండి.