పైల్ దెబ్బలకు చేప మేత మానేస్తుందా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర మా చెరువు కాలవ గట్టును ఆనుకుని ఉంది. కాలవ మీద వంతెనకు పైల్స్ (పునాది స్తంభాలు) దిగ్గొడుతున్నారు. అప్పట్నుంచి శీలావతి, బొచ్చె చేపలు చెరువులో కట్టిన మేత సంచుల దగ్గరకు సరిగా రావడం లేదు. జబ్బా, చప్పుడా?

జవాబు: పని ఆపిన రోజు సంచులు చూడండి. ఆ రోజు ఖాళీ అయితే చప్పుడే కారణం. అప్పుడూ మేత మిగిలితే నాలుగు చేపలు పట్టి మొప్పలు ఎత్తి చూడండి, ఒంటి మీద పేను వెతకండి, తెల్లవారుజామున ఆక్సిజన్ కొలవండి.

ఈ రెండు చేపలకూ చెవి చురుకు. చేప కడుపులోని గాలితిత్తి అదురును వెన్ను మొదట్లోని చిన్న ఎముకల వరుస లోపలి చెవికి చేరవేస్తుంది. తిలాపియాకు ఆ ఎముకలు లేవు. పైగా పైల్ అదురు మట్టిలోంచి చెరువు అడుగుకు వచ్చేస్తుంది, గట్టు ఆపలేదు.

సంచులను కాలవకు దూరంగా ఉన్న గట్టు వైపు మార్చండి. మేత సగానికి తగ్గించి, దెబ్బలు లేని వేళ కట్టండి. తినని తవుడు కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, నష్టం ఎక్కువ జరిగేది అక్కడే. చేపలు పట్టడం, కొత్త పిల్ల వేయడం వాయిదా వేయండి.

మొదట చిన్న దెబ్బలు కొట్టి చేపను బెదరగొట్టే పద్ధతి ఏటిలో పనికొస్తుంది. చెరువులో చేప ఎక్కడికి పోతుంది? చప్పుడు తగ్గించేందుకు కాలవలో గాలి బుడగల తెర వేసినా మట్టిలోంచి వచ్చే అదురు ఆగదు. మిగిలిన పైల్స్‌నైనా దెబ్బలు లేకుండా, బోరు తవ్వి కాంక్రీటు పోసే పద్ధతిలో వేయమని ఇంజనీరును అడగండి.