టెక్ సందేహాలు: పదేళ్ల పోలోను ఉంచుకోవాలా, వదులుకోవాలా?

ప్రశ్న: మాది అనంతపురం. 2015లో కొన్న ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ నడుపుతున్నాను. 92,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పటివరకు పెద్ద జబ్బేమీ చేయలేదు. అయితే అందులో టచ్‌స్క్రీన్ లేదు, వెనుక కెమెరా లేదు, దారి కోసం ఫోను వైపు చూస్తూ నడపాలి. గేర్‌బాక్సు ఏ రోజైనా పోవచ్చని స్నేహితులు, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు ఇంజిన్‌ను తినేస్తుందని వీడియోలు భయపెడుతున్నాయి. నెలకోసారి బెంగళూరు వెళ్లి వస్తాను. పాత కార్ల వ్యాపారి 4.5 లక్షలు ఇస్తానన్నాడు. అదే కంపెనీ వర్టస్ జీటీ తీసుకుంటే అన్నీ కలిపి 22 లక్షలు అవుతుంది. మా అబ్బాయి ఎలక్ట్రిక్ కారు మహీంద్రా బీఈ 6 కొనమంటాడు. నా మనసు మాత్రం పోలోను వదలనంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాసే నాకు ఈ ఉత్తరం ఎందుకు పంపారా అనుకున్నాను. రెండోసారి చదివాక తెలిసింది. మీరు చెప్పిన లోపాల్లో మొదటి మూడూ నా శాఖకు చెందినవే. తెర, కెమెరా, దారి చూపే మ్యాపు. ఈ మూడింటి కోసం 22 లక్షలు పెట్టడమంటే గోడ గడియారం ఆగిపోయిందని ఇల్లు మార్చడం లాంటిది. ముందు గడియారం సంగతి చూద్దాం.

ఫోనులోని మ్యాపును కారు తెర మీదికి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో, ఆపిల్ కార్‌ప్లే రెండూ పలికే స్టీరియోను వెనుక కెమెరాతో కలిపి బిగించడానికి మంచి రకమైతే 25,000 నుంచి 40,000 రూపాయల వరకు అవుతుంది. సోనీ, పయనీర్, కెన్‌వుడ్ వంటి పాత ఆడియో కంపెనీల తయారీ అయితే మేలు. పేరూ ఊరూ లేని పెద్ద ‘ఆండ్రాయిడ్ తెర’లు చవకగా దొరుకుతాయి. దుకాణంలో చూస్తే కళ్లు చెదురుతాయి. ఏడాది తిరిగేసరికి మ్యాపు తెరుచుకోవడానికి అరనిమిషం పడుతుంది. మే నెలలో కారు ఎండలో నిలిపితే తెర అంచులు ఊడతాయి. తెలివంతా ఫోనులోనే ఉండి, స్టీరియో కేవలం దాన్ని చూపించే రకమే ఎంచుకోండి. ఫోను మార్చినప్పుడల్లా మీ కారు తెర కూడా కొత్తదవుతుంది. బిగించేవారికి ఒక్క మాట ముందే చెప్పండి: ఒక్క వైరు కూడా కోయకూడదు. పోలోకు సరిపోయే కప్లరు, స్టీరింగ్ మీది బటన్లు పనిచేయించే క్యాన్ అడాప్టరు విడిగా దొరుకుతాయి. అవి లేవనే దుకాణం నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక అసలు విషయం. కారులో రెండు వయసులు ఉంటాయి. ఇంజిన్, సస్పెన్షన్, బాడీ కిలోమీటర్ల లెక్కన ముసలివవుతాయి. సాఫ్ట్‌వేర్, చిప్పు, సిమ్ కార్డు క్యాలెండరు లెక్కన. మీరు నడిపినా నడపకపోయినా రెండో గడియారం ఆగదు. 2022లో అమెరికాలో టెలిఫోన్ కంపెనీలు 3జీ ఆపేసినప్పుడు, దాని మీద ఆధారపడిన ఎన్నో కార్లలో ఫోను ద్వారా తలుపు తీయడం, ప్రమాదం జరిగితే కబురు పంపడం వంటి సౌకర్యాలు మూగబోయాయి. ఇంజిన్లు మాత్రం భేషుగ్గా నడుస్తూనే ఉన్నాయి. మీ పోలోలో సిమ్ లేదు కనుక ఆ బెంగ లేదు. పదేళ్ల కింద అది ఏమీ తెలియని కారు, ఇప్పుడూ అంతే!

మీ అబ్బాయి చెప్పిన బీఈ 6 ఇందుకు పూర్తిగా అవతలి కొస. 2024 నవంబరులో వచ్చింది. చిన్న 59 కిలోవాట్ అవర్ బ్యాటరీ రకానికే 231 పీఎస్ శక్తి ఉంది. మీ కారుది 105. వేగంలో మీ పోలోను పొట్టేలు ముందు గొర్రెపిల్లను చేస్తుంది, ఒప్పుకోవాలి. ఆ బ్యాటరీకి పరీక్షా కేంద్రం లెక్కలో 557 కిలోమీటర్లు చెప్పారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏసీ వేసుకుని వంద వేగంతో వెళితే 400 దాటితే సంతోషించాలి. అనంతపురం నుంచి బెంగళూరుకు వెళ్లి వస్తే సుమారు 430. దారిలోనో అక్కడో ఒకసారి ఛార్జింగ్ పెట్టక తప్పదు, అదేమంత కష్టం కాదు. నా సంకోచమల్లా తెరల గురించే. అందులోని క్వాల్‌కామ్ 8295 చిప్పును ప్రకటించింది 2021లో. ఇవాళ అది చురుకైనదే. పదేళ్ల తర్వాత? పదేళ్ల నాటి ఫోను ఇంట్లో ఉంటే ఒకసారి తెరిచి చూడండి. ఎలక్ట్రిక్ కారు వద్దనడం లేదు. ఇంట్లో రెండో కారుగా, ఊళ్లో రోజువారీ తిరుగుడుకు కొంటే దానిని మించింది లేదు. పోలో మీద మీకున్న ఇష్టానికి మాత్రం అది బదులు కాదు.

గేర్‌బాక్సు భయం ఉట్టి పుకారు కాదు, అలాగని తలరాత కూడా కాదు. మీ కారులో ఉన్నది తనంతట తానే గేరు మార్చుకునే ఏడు గేర్ల డీఎస్‌జీ, నిపుణులు డీక్యూ200 అంటారు. లోపల రెండు క్లచ్‌లు ఉంటాయి. అవి నూనెలో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. గేరు ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది మెకట్రానిక్ అనే భాగం. సగం హైడ్రాలిక్స్, సగం కంప్యూటర్. 2013లో చైనాలో ఈ గేర్‌బాక్సు కారణంగా 3.84 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. అదే ఏడాది చివర ప్రపంచమంతటా లక్షల కార్లలో సింథటిక్ గేరు నూనె తీసి మినరల్ నూనె పోశారు. మీది ఆ తర్వాత కొన్న కారు. పొడి క్లచ్‌కు శత్రువు వేడి. వేడి పుట్టేది హైవే మీద కాదు, మీ ఊరి సప్తగిరి సర్కిల్ దగ్గర అంగుళం అంగుళం పాకేటప్పుడు. ముందు బండి కదలగానే మీరూ బ్రేకు వదిలి పాకించకండి. నాలుగైదు గజాల సందు ఏర్పడేదాకా ఆగి ఒకేసారి కదలండి. వెనుకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వండి, క్లచ్ వాళ్లది కాదు కదా!

ఈ గేర్‌బాక్సు ఆరోగ్యాన్ని ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. 2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కార్లలో లోపాలను కారే నమోదు చేసుకునే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఆ సాకెట్ ఉంటుంది. అయితే ఐదారు వందలకు దొరికే బ్లూటూత్ పరికరం ఇంజిన్ కోడ్‌లే చదువుతుంది, గేర్‌బాక్సు కంప్యూటర్‌తో దానికి మాటలు కలవవు. గేర్‌బాక్సు కంప్యూటర్‌నూ చదవగల వీసీడీఎస్ లేదా ఓబీడీ ఎలెవెన్ పరికరం ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి. రెండు క్లచ్‌ల అరుగుదలను తెలిపే అడాప్టేషన్ విలువలు, ఇప్పటివరకు నమోదైన అతివేడి ఘటనలు, పాత ఎర్రర్ కోడ్‌లు కాగితం మీద తీయించుకోండి. గంట పని. మీ నిర్ణయానికి కావలసిన ముఖ్యమైన కాగితం అదే. అనంతపురంలో దొరకకపోతే నెలవారీ బెంగళూరు ప్రయాణంలో ఆ గంట కేటాయించండి.

ఈ20 గురించి క్లుప్తంగా. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. 10 శాతం మిశ్రమం నుంచి 20కి మారితే మైలేజీ మూడు, నాలుగు శాతం పడిపోవడం లెక్క ప్రకారమే. లీటరుకు 14 ఇచ్చే బండి 13.5 ఇస్తుంది. రెండో సంగతి రబ్బరు. 2023 ఏప్రిల్‌కు ముందు కార్లు చాలావరకు 20 శాతాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. ఇంధన గొట్టాలు, సీళ్లు సర్వీసు చేసిన ప్రతిసారీ చూపించండి. పెట్రోలు వాసన వస్తే ఆ రోజే వెళ్లండి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కనుక అరట్యాంకుతో నెలల తరబడి షెడ్డులో పడేయకండి. వీడియోల్లో చెప్పినట్టు ఇంజిన్‌ను తినేయడం అంటూ రాత్రికి రాత్రి జరగదు.

డబ్బు లెక్క. పాత కారు ఇచ్చి, చేతిలోంచి లక్షన్నర పెట్టి, మిగతా 16 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకున్నారనుకోండి. నెలకు సుమారు 25,700 రూపాయలు. వడ్డీ ఒక్కటే 5.6 లక్షలు, అంటే మీ పోలోకు వ్యాపారి చెప్పిన ధర కంటే ఎక్కువ. ఇటువైపు తెర, నాలుగు టైర్లు, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు అన్నీ మార్చినా లక్షన్నర లోపే ఉంటుంది. మెకట్రానిక్ నిజంగానే పోతే లక్ష దాటే ఖర్చు. అది కూడా కలుపుకోండి. అప్పటికీ ఏడాది కిస్తీలకు కాస్త దిగువనే ఉంటారు.

టైర్లన్నాను కనుక ఒక మాట. పక్క గోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 1419 అని ఉంటే 2019లో 14వ వారంలో తయారైనట్టు. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైరుతో మన ఎండల్లో పెనుకొండ దారిన వంద మీద వెళ్లవద్దు.

కాగితాల దిగులు కూడా వద్దు. పదేళ్లు, పదిహేనేళ్ల నిషేధాల రభస ఢిల్లీది. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, మీది 2030 వరకు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. కేంద్రం పెట్టిన రుసుము 5,000, బండికి 20 ఏళ్లు దాటితే 10,000. హరిత పన్ను వేరు. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగింది కానీ, ఇదే ఇంజిన్, గేర్‌బాక్సు వెంటోలోనూ వాడారు. కాబట్టి విడిభాగాలు ఇంకొన్నేళ్లు దొరుకుతాయి.

నా మాటకు ఎదురు వచ్చే వాదన ఒకటే, అది భద్రత. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు 2014 గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టించే పరీక్షలో పెద్దల రక్షణకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. మీ జీటీలో బండి అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ కూడా ఉంది, ఆ కాలానికి అది గొప్పే. కానీ వర్టస్ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నది అంతకంటే కఠినమైన కొత్త పరీక్షలో. వెనుక సీట్లో రోజూ పిల్లలో, పెద్దవాళ్లో కూర్చునే ఇల్లయితే నేను ఇంతసేపు వాదించేవాణ్ణి కాదు, మార్చేయమనేవాణ్ణి. మీ ఉత్తరాన్ని బట్టి ఎక్కువగా ఒక్కరే నడుపుతారని అనిపిస్తోంది. క్లచ్ కాగితం బాగుంటే ఉంచుకోండి. బాగాలేకపోతే ఆ మరమ్మతు అంచనాను వ్యాపారికి చూపించకుండా అమ్మేయాలన్న ఆలోచన వస్తుంది. అది మీకూ ఆయనకూ మధ్య విషయం. నేనైతే చూపిస్తాను.

ప్రశ్న: కర్నూలులో ఉంటాను. కారు అద్దం వెనుక నుంచి దారిని రికార్డు చేసే డ్యాష్‌కామ్ కొన్నాను. వేసవి రాగానే దానంతట అదే ఆగిపోతోంది. కార్డు మార్చినా అదే తీరు.

జవాబు: కార్డుది తప్పు కాకపోవచ్చు. బయట 42 డిగ్రీలుంటే, నీడ లేని చోట నిలిపిన కారు అద్దం వెనుక 60 దాటడం మామూలే. లోపల లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా ఆ వేడికి ఉబ్బుతుంది లేదా తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. వెనుక మూత ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే తీసేయండి. ఈసారి కొనేటప్పుడు బ్యాటరీకి బదులు ‘సూపర్ కెపాసిటర్’ అని రాసి ఉన్నది చూసి కొనండి. నిరంతరం రికార్డు చేయడానికి తయారైన ‘హై ఎండ్యూరెన్స్’ కార్డు వేయండి. వేసవిలో పార్కింగ్ రికార్డింగ్ ఆపేయండి.

ప్రశ్న: కడపలో ఒకరికి నా కారు అమ్మి రెండు నెలలైంది. నిన్న కాసేపల్లి టోల్ దగ్గర నా ఖాతా నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. ఫాస్టాగ్ ఆపేస్తే సరిపోతుందా?

జవాబు: డబ్బు వరకు సరిపోతుంది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో మూసేయండి, కుదరకపోతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోను చేయండి. కానీ మీకు వచ్చింది టోల్ మెసేజ్ కనుక బతికిపోయారు. రెండు నెలలైనా కారు మీ పేరు మీదే ఉందేమో చూడండి. రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే తెలుస్తుంది. ఉంటే ఈ రోజే అమ్మకం సంగతి తెలిపే ఫారం 29తో రవాణా శాఖకు తెలియజేయండి. రాష్ట్రం లోపలి అమ్మకానికి చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. ప్రమాదం జరిగితే, చేతులు ఎన్ని మారినా రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కారు స్టీరియోలో మీ ఫోను నంబర్ల జాబితా కూడా ఉండిపోయి ఉంటుంది. పేరు మార్పిడి సంతకానికి కారు కొన్నాయన వచ్చినప్పుడు, కారు కూడా తెమ్మని చెప్పి దాన్ని చెరిపేయండి.