రాత్రికి రాత్రి కిలోంబావు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. పొద్దున్న ఐదున్నరకి నువ్వు పంపిన ఫోటో చూశాను. కాటా మీద నీ రెండు పాదాలు, వాటి మధ్య 67.4. నిన్నటి ఫోటోలో 66.2. కింద మూడు ఏడుపు బొమ్మలు, "ఈ పదహారు గంటల ఉపవాసం ఇంక నా వల్ల కాదు పెద్దమ్మా, మానేస్తున్నా" అని. మానాలనుకుంటే మానెయ్యి, నేనేమీ అనను. ఈ కిలోంబావు చూసి మాత్రం మానకు. ఫోన్లో చెబుదామంటే సగంలో నీకు మీటింగు వస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు లెక్క చూడు. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే, ఆ రోజు ఒళ్ళు ఖర్చుపెట్టేది పోగా ఇంకా 7,700 క్యాలరీల దాకా తినాలి. నీకు పెరిగిందంటున్న బరువుకి 9,000 పైచిలుకు. నువ్వు రోజంతా తినేది 1,800 అనుకున్నా, మామూలు తిండి తిన్నాక దాని మీద ఇంకో ఐదు రోజుల తిండి ఒక్క పూటలో తినుండాలి. ఆదివారం నువ్వేం తిన్నావో మీ అమ్మ చెప్పింది. ఆవకాయన్నం రెండోసారి కలుపుకున్నావట, నాలుగు అప్పడాలు, సాయంత్రం ఆరున్నరకి ఎవరిదో పుట్టినరోజని బిరియానీ. ఇందులో ఐదు రోజుల తిండి ఎక్కడుందే? ఉన్నదల్లా ఉప్పూ, అన్నమూ. రెండూ నీళ్ళని పట్టుక్కూర్చుంటాయి.

ఉప్పు సంగతి నీకు కొత్త కాదు. ఆవకాయ తిన్న రాత్రి మంచం పక్కన చెంబు ఖాళీ అవుతుంది, తెల్లారేసరికి వేలి ఉంగరం తిరగదు. ఆ నీళ్ళు దిగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అన్నం సంగతే చాలామందికి తెలీదు. అన్నంలో ఉన్న పిండిని ఒళ్ళు గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది. కాలేయంలో ఓ 100 గ్రాములు, కండల్లో ఓ 400 గ్రాములు. ఆ ఒక్కో గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళూ చేరతాయి. ఆ గాదె నిండితే, ఖాళీ అయితే, మొత్తం మీద రెండు కిలోల తేడా. కొవ్వుకి దీంతో సంబంధమే లేదు.

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. మొదలెట్టిన మొదటి వారమే రెండు కిలోలు తగ్గానని ఫోన్ చేసి గంతులేశావు గుర్తుందా? అందులో ఎక్కువ భాగం ఈ నీళ్ళేనని నాకు అప్పుడే తెలుసు. నీ సంతోషం చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను. అప్పుడే చెప్పుంటే ఇవాళ ఈ ఏడుపు ఉండేది కాదు. పోయినవి నీళ్ళే, వచ్చినవీ నీళ్ళే.

ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కినదాన్ని, ఒంటి సంగతి నాకు కాటా కన్నా టేపే ఎక్కువ నేర్పింది. భోంచేసి వచ్చినవాళ్ళకి నడుము కొలత తీసుకునేదాన్ని కాదు, తెలుసా? పొద్దున్న కొలిచిన మనిషినే సాయంత్రం కొలిస్తే అరంగుళం, ఒక్కోసారి ముప్పావు అంగుళం తేడా. నెలసరికి నాలుగు రోజుల ముందు కొలతలిచ్చి కుట్టించుకున్న పెళ్ళి జాకెట్టు ముహూర్తం నాటికి వదులైపోయిందని నా మీదకి యుద్ధానికొచ్చినవాళ్ళున్నారు. అప్పట్నించీ కొత్త పెళ్ళికూతురైతే చాటుగా తేదీ అడిగి, పుస్తకంలో పేరు పక్కన చుక్క పెట్టుకునేదాన్ని. నువ్వూ కేలండర్లో అలాంటి చుక్క పెట్టుకో. ఆ నాలుగైదు రోజులూ కాటా ఏం చెప్పినా పట్టించుకోకు.

ఇప్పుడు నీ అంకెల్లోకి వస్తాను. రోజూ ఫోటోలు పంపుతావు కదా, అవన్నీ వాట్సాప్‌లో వెనక్కి జరుపుకుంటూ పాత ఆర్డర్ల పుస్తకంలో రాశాను. పోయిన వారం ఇవీ: 66.9, 66.4, 67.1, 66.6, 66.0, 66.5, 66.2. ఏడూ కూడి ఏడుతో భాగిస్తే 66.5. నాలుగు వారాల కిందటి వారానికి అదే లెక్క వేస్తే 67.4 వచ్చింది. ఇవాళ పొద్దున్న నువ్వు చూసిన అంకె కూడా అదే. అందుకే నీకు నెలంతా నీళ్ళపాలైనట్టు అనిపించింది. నిజానికి నెలలో 900 గ్రాములు తగ్గావు. అది మామూలు నడకే, ఇంకా చెప్పాలంటే మంచి నడకే.

రోజూ చూసుకోవద్దని అనను. చూసుకునే మనిషివి, చూసుకోకపోతే ఇంకా బెంగపెట్టుకుంటావు. పొద్దున్నే, దొడ్డికెళ్ళొచ్చాక, మంచినీళ్ళు తాగకముందు, ఒకే టైలు మీద కాటా పెట్టి చూడు. అంకె రాసుకుని దిగిపో. మధ్యాహ్నం ఆఫీసు జిమ్ములో ఇంకోసారి ఎక్కడం లేదు. ఆదివారం ఆదివారం సగటు తియ్యి. దాన్ని నిన్నటి బరువుతో కాదు, పోయిన నెల సగటుతో పోల్చు.

నా కథ నీకు సగమే తెలుసు. నాలుగేళ్ళ కిందట మూడు నెలల షుగరు పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో ఉన్నట్టు లెక్కట. అప్పుడు నా బరువు 74. రాత్రి భోజనం ఏడింటికి జరిపి, పొద్దున్న తొమ్మిదింటి దాకా ఏమీ ముట్టకుండా పద్నాలుగు గంటల ఉపవాసం మొదలెట్టాను. తొలి నెల మూడు కిలోలు దిగింది. తర్వాత తొమ్మిది వారాలు కాటా ముల్లు మేకు కొట్టినట్టు ఉండిపోయింది. ఒకరోజు కోపమొచ్చి ఇరవై నాలుగు గంటలు మాడాను. ఆ రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తెరిచి, లైటు కూడా వెయ్యకుండా, స్టీలు డబ్బాలో గడ్డకట్టిన పులిహోర వేళ్ళతో తవ్వుకుని తిన్నాను. పల్లీలు ఏరి మరీ. మీ పెదనాన్న మంచినీళ్ళకి లేచొచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు. తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

మర్నాడు ఉక్రోషంతో టేపు తీసి నడుము చూసుకున్నాను. మొదలెట్టినప్పటి కంటే రెండంగుళాలు తక్కువ. మేకు కొట్టినట్టున్న ఆ తొమ్మిది వారాల్లోనే అందులో అంగుళం పైన పోయింది. కాటా ఆ ముక్క ఒక్కరోజూ చెప్పలేదు. చివరికి పదకొండు నెలలకి ఆరు కిలోలు తగ్గాను, షుగరు 5.6కి దిగింది.

నడుము కొలిచేటప్పుడు బొడ్డు మీద అడ్డదిడ్డంగా పెట్టకు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా. పదిహేను రోజులకోసారి చాలు. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదంటారు డాక్టర్లు.

నువ్వు పదహారు గంటల నుంచి ఇరవై గంటలకి పెంచుతానన్నావే, దాని మీద నా మాట విను. 2022లో చైనాలో గ్వాంగ్జౌ డాక్టర్లు ఊబకాయం ఉన్న 139 మంది మీద ఏడాది పాటు చేసిన పరీక్ష ఒకటి అచ్చయింది. అందరికీ తిండి తగ్గించారు. సగంమందికి మాత్రం పొద్దున్న ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ మధ్యే తినాలని అదనంగా షరతు పెట్టారు. ఏడాది తర్వాత చూస్తే, వేళ పాటించినవాళ్ళు సగటున 8 కిలోలు, మిగతావాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకునేంత కాదని వాళ్ళే రాశారు. అంటే గడియారంలో మంత్రమేమీ లేదు. రాత్రి పదింటికి చేతులు డబ్బాల్లోకి పోకుండా అది కాపలా కాస్తుంది, అంతే. ఇంకోటి కూడా చూడు: డాక్టర్లు పక్కనుండి చేయించినా ఏడాదికి 8 కిలోలు, నెలకి ముప్పావు కిలో కూడా రాలేదు. మరి నీ 900 గ్రాములకి ఏడుపెందుకు?

గంటలు పెంచితే ఏమవుతుందో మన ఇంట్లో చూడలేదూ? ఏకాదశి ఒక్కపొద్దని చెప్పి, ఉప్మా, అట్లు, అరటిపళ్ళు, సగ్గుబియ్యం పాయసం. ఉపవాసాలుండి ఒళ్ళు చేసిన వంశం మనది. పదహారు దగ్గరే ఆగు. అదీ కష్టమైతే నాలా పద్నాలుగు. తినే వేళల్లో ఏం తింటున్నావో చూసుకో. పప్పు పల్చగా చారులా కాకుండా గరిటె జారుగా వండించుకో, గుడ్డు, పెరుగు, శనగలు రోజూ పడాలి. మాంసకృత్తులు తక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అప్పుడు కాటా సంతోషిస్తుంది గానీ నువ్వు మెట్లెక్కలేవు. వారానికి రెండుసార్లైనా బరువులెత్తు. పాలూ పంచదారా పోసిన కాఫీ ఆరింటికి తాగి పదకొండింటి దాకా ఉపవాసమనుకోకు, అంతే.

బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిన తిండీ తగ్గుతుంది. అందుకని మొదట్లో పనిచేసిన తిండే ఆర్నెల్లకి సరిపోయి, కాటా ఆగుతుంది. అప్పుడు రాత్రి అన్నంలో ఒక గరిటె తియ్యి, సాయంత్రం ఇంకో పావుగంట నడువు. మూడు నెలలు సగటూ, టేపూ రెండూ కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించు. కళ్ళు తిరిగినా, నెలసరి తప్పినా ఆపేసి డాక్టరు దగ్గరికెళ్ళు. కడుపులో నలుసు పడిందని తెలిస్తే ఆ రోజే ఆపెయ్యాలి.

మీ అత్తగారు కూడా నీతో పాటు మొదలెడతానంటున్నారని విన్నాను. ఆవిడ షుగరుకి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు కదా. ఆ మాత్ర మింగి పొద్దున్నంతా ఏమీ తినకుండా ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. మా వీధిలో ఒకావిడ అలాగే బాత్రూములో పడింది. డాక్టరు మాత్ర సంగతి తేల్చేదాకా వద్దని నువ్వే చెప్పు. కోడలు చెబితే ఎలా తీసుకుంటారో అనుకుంటే నాకు ఫోనివ్వు, నేను చెబుతాను.

ఈసారికి మాత్రం ఈ నీళ్ళు దిగేదాకా, అంటే గురువారం దాకా, కాటా మంచం కిందకి తోసెయ్యి. వచ్చే నెల ఇక్కడికొచ్చేటప్పుడు ఆ మెరూన్ పట్టు జాకెట్టు తెచ్చుకో. భుజాల దగ్గర జారుతోందని మీ అమ్మ అంటోంది. ఎంత పట్టాలో నువ్వు కొలిచి పంపకు, పొద్దున్నే కాఫీకి ముందు నేనే టేపు పెడతాను.

పెద్దమ్మ