నటన, సంగీతం రెండూ చేస్తున్నాను. ఏది వదలాలి?

మీరు అడిగింది ఇదీ: నెల్లూరులో ఉంటారు, ఇరవై రెండేళ్లు, గిటార్ వాయిస్తారు, పాడతారు, షార్ట్ ఫిల్ముల్లో వేషాలు కూడా వేస్తున్నారు. ఇంట్లోవాళ్లేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు, ఏదో ఒకటి తేల్చుకో అంటున్నారు. ఏది వదలాలి?

నన్నడిగితే రెండూ ఉంచుకోండి. అయితే జనం మిమ్మల్ని దేనికి పిలవాలో, ఇంటికి నెలనెలా డబ్బు ఏది తేవాలో మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. ఇవి రెండూ వేరే ప్రశ్నలు. మీ ఇంట్లోవాళ్ల టెన్షన్ రెండోదాని గురించే అని నా అనుమానం.

మాది కందుకూరు వైపు. పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాను, అవకాశం వస్తే వేషం కడతాను, నాటకాలు లేని రోజుల్లో పిల్లలకు కీబోర్డు నేర్పిస్తాను. సినిమాతో నాకు సంబంధం లేదు. ఈ రెండు పనుల మధ్య నలిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మా నాటకాల్లో అసలు ఈ ప్రశ్నే రాదు. పద్యం పాడలేనివాడికి వేషం లేదు, మొహంలో భావం పలకనివాడి పద్యానికి చప్పట్లు లేవు. మొదటి టాకీల్లోనూ ఇంతే. 1932లో భక్త ప్రహ్లాద వచ్చినప్పటి నుంచి కొన్నేళ్లపాటు సినిమావాళ్లు నటుల కోసం నాటకాల వైపే చూశారు. అప్పట్లో తెర మీద కనిపించే మనిషే పాడాలి మరి. చిత్తూరు నాగయ్య గారు పోతన (1943)లో నటించారు, పాడారు, సంగీతమూ చేశారు. త్యాగయ్య (1946)కి వచ్చేసరికి దర్శకత్వం కూడా ఆయనదే. ప్లేబ్యాక్ స్థిరపడ్డాకే పాడేది ఒకరు, పెదవులు కదిపేది ఇంకొకరు అయ్యారు. "ఏదో ఒకటి తేల్చుకో" అనే మాటకు ఉన్న వయసు అంతే.

ఆ మాటను లెక్కచేయని మనిషి ఒకరు మన పక్కనే పుట్టారు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారు. తండ్రి దగ్గరే సంగీతం మొదలుపెట్టి, 1939లో వరవిక్రయంతో సినిమాల్లోకి వెళ్లారు. పెళ్లయ్యాక కొంత విరామం, తర్వాత స్వర్గసీమ (1945)తో తిరిగి పేరు. ప్లేబ్యాక్ రాజ్యమేలుతున్న రోజుల్లోనూ తన పాత్రకు తనే పాడుకున్నారు. చండీరాణి (1953)ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు, చక్రపాణి (1954)కి సంగీతం చేశారు, తర్వాతి కాలంలో మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. ఇన్ని చేసినా జనం ఆవిణ్ణి పిలిచింది నటి అనే. ఆ నటి కావాలంటే ఆ గొంతు కూడా కొనాల్సిందే, విడిగా అమ్మరు. అది గర్వం అని అప్పట్లో చాలామంది అన్నారు. నాకైతే మంచి వ్యాపారం తెలిసిన పనిలా కనిపిస్తుంది.

మీ ఊరి బాలు గారిది దీనికి తిరగేసిన దారి. తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పినవారు. కొడుకు ఇంజనీరింగ్ చదువు కోసం మద్రాసు వెళ్లి, 1966లో కోదండపాణి గారి సంగీతంలో సినిమాకు పాడటం మొదలుపెట్టారు. జనం పిలిచింది గాయకుడని, ఇంటికి డబ్బు తెచ్చిందీ పాటే. కానీ నటన ఆయన గొంతులో ముందునుంచే ఉంది. అల్లు రామలింగయ్యకు పాడితే అల్లువారే పాడినట్టు ఉండేది. అక్కడి నుంచి డబ్బింగ్‌కు ఒక అడుగే. కమల్ హాసన్ తమిళ సినిమాలు తెలుగులోకి వస్తే చాలావాటిలో ఆ మాట బాలుదే. గాంధీ సినిమా తెలుగులో బెన్ కింగ్‌స్లీకి కూడా ఆయనే గొంతు ఇచ్చారు. దశావతారం (2008)లో కమల్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారు, అందులో ముసలావిడ పాత్ర కూడా ఉంది.

నా ఉద్దేశంలో ఆయనకు నటన బడి ఆ డబ్బింగ్ థియేటరే. ఎదుటివాడి పెదవి, ఊపిరి, తడబాటు చూస్తూ దానికి సరిపడా మాట పలకడం కంటే మంచి శిక్షణ ఏముంటుంది? అందుకే కేళడి కణ్మణి (1990) అనే తమిళ సినిమాలో ముఖ్యపాత్ర వచ్చినా, ప్రేమికుడులో కానిస్టేబుల్ తండ్రిగా వేసినా ఆయనలో కొత్తవాడి బెరుకు కనపడదు. మిథునం (2012) అయితే దాదాపు ఇద్దరు మనుషుల సినిమా. లక్ష్మి గారి ఎదురుగా అంతసేపు నిలబడాలంటే పాట ఒక్కటే చాలదు. ఇంకో సంగతి గమనించారా? ఆయన వేషాల కోసం పాటను ఎప్పుడూ పక్కన పెట్టలేదు. వేషం చుట్టంలా వచ్చింది, మర్యాద చేసి పంపించారు.

ఇక్కడ నా గొడవ కొంచెం చెబుతాను, మీకు పనికొస్తుంది. మా నాటకాల్లో వేషగాడికి అతని సీను వరకే లెక్క. హరిశ్చంద్రుడు వారణాసి సీనుకు ఒకరు, కాటి సీనుకు మరొకరు ఉంటారు. ఒకరు మేకప్ తీసేసి నిద్రపోతుంటే ఇంకొకరు రంగు వేసుకుంటుంటారు. హార్మోనిస్టు మాత్రం ప్రార్థన నుంచి మంగళం దాకా పెట్టె ముందు నుంచి లేవకూడదు. నటుడికి ఊపిరి అందకపోతే స్వరం పట్టి నిలబెట్టాలి, పద్యం మరిచిపోతే మొదటి మాట అందించాలి. అయినా కరపత్రంలో ఫొటోలన్నీ వేషగాళ్లవే, మా పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఫొటో మోజుతోనే నేను నక్షత్రకుడి వేషం వైపు వెళ్లాను. కొన్ని సీజన్లు బాగానే గడిచింది. తర్వాత ఫోన్లు తగ్గాయి. హార్మోనియం కావాల్సినవాళ్లు "అతను వేషాలు వేస్తున్నాడు, ఖాళీ ఉండదు" అనుకున్నారు. వేషం కావాల్సినవాళ్లేమో "అతను పెట్టె వాయించేవాడు కదా" అనుకున్నారు.

ఒక కాంట్రాక్టరైతే నన్ను నక్షత్రకుడిగా కరపత్రంలో వేసి, ఆ రాత్రి హార్మోనిస్టు రాలేదని నన్నే పెట్టె ముందు కూర్చోబెట్టాడు. వేషానికి ఇంకెవరినో దింపాడు. తెల్లవారి లెక్క చూస్తే రాత్రంతా వాయించినదానికి విడిగా ఏమీ లేదు, ఒప్పుకున్న వేషం డబ్బు కూడా సగమే. అడిగితే "వేషం వెయ్యలేదుగా" అన్నాడు. ఆ తర్వాత నుంచి నేను అందరికీ ఒకటే చెబుతున్నాను: నేను హార్మోనిస్టును, వేషం కావాలంటే ముందే చెప్పండి, దాని రేటు వేరు. మళ్లీ పిలుపులు కుదుటపడ్డాయి. వేషాలూ వస్తున్నాయి, కాకపోతే తక్కువ.

నటనలో సంగీతం తెలిసినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, మీకూ వస్తుంది. మన గొంతు మనకే బాగుందనిపించి అక్కడే ఆగిపోతాం. కాటి సీనులో రాగం లాగుతుంటే ముందు వరసలోంచి చదివింపులు వస్తాయి, వన్స్ మోర్ అంటారు. చచ్చిపోయిన కొడుకు సంగతి నటుడూ మరిచిపోతాడు, మేమూ మరిచిపోతాం. నాటకంలో అది చెల్లుతుంది. కెమెరా ముందు చెల్లదు. డైలాగును పాటలా ఎగరేసి దించే అలవాటు ఉంటే ముందు అది మానండి. మీరు నటించిన షార్ట్ ఫిల్ము ఒకటి కళ్లు మూసుకుని వినండి. మాటలు మనిషి మాట్లాడినట్టున్నాయా, చదివి వినిపించినట్టున్నాయా అన్నది తెలిసిపోతుంది. మీ సంగీతపు చెవి నటనకు ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే.

ఈ కాలంలో ఇలా చేస్తున్నవాళ్లు లేకపోలేదు. మన దగ్గర ఆర్పీ పట్నాయక్ సంగీత దర్శకుడిగా పేరు వచ్చాకే శీను వాసంతి లక్ష్మి (2004)లో హీరోగా చేశారు. రఘు కుంచె పలాస 1978కి సంగీతమూ చేశారు, అందులో విలన్‌గానూ వేశారు. తమిళంలో విజయ్ ఆంటోనీ సంగీతంలో నిలదొక్కుకున్నాకే నాన్ (2012)తో హీరో అయ్యారు, బిచ్చగాడుతో మన ఊళ్లలోనూ తెలిశారు. జీవీ ప్రకాశ్ కుమార్ హీరో వేషాలు మొదలుపెట్టాక కూడా సంగీతం మానలేదు. వీళ్లందరిలో కనిపించేది ఏమిటంటే, సంగీతం ముందు స్థిరపడింది, వేషం తర్వాత వచ్చింది. సంగీతానికి రికార్డింగ్ ఉంది, కచేరీ ఉంది, ట్యూషన్ ఉంది. నటుడికి ఎవరో ఒకరు పిలిస్తేనే పని. మీ పరిస్థితిలో నేనుంటే డబ్బు కోసం సంగీతాన్నే పట్టుకుంటాను.

ఇక ఊరి సంగతి. వెంటనే హైదరాబాద్ వెళ్లాలా అని కూడా అడిగారు. నెల్లూరులో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, ఇప్పుడు దానికి బాలు గారి పేరే పెట్టారు. గిటార్ ఎంత వచ్చినా సరే, గాత్రంలో పునాది వేసుకోండి. డబ్బింగ్ నేర్చుకోండి, ఫోన్‌లోనే సాధన చేయొచ్చు. హైదరాబాద్ వెళ్లేది ఎవరైనా పని ఇస్తానని పిలిచినప్పుడు, లేదా కొన్ని నెలల అద్దె చేతిలో ఉన్నప్పుడు.

ఇంకొక్కటి. షార్ట్ ఫిల్ములు తీసే స్నేహితులు వేషం ఇచ్చి, "బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా నువ్వే చేసెయ్" అంటారు. వేషం ఇచ్చారన్న మొహమాటంతో మీరు ఊరికే చేసేస్తారు. మొదటిసారి చేయండి, ఫర్వాలేదు. రెండోసారి మాత్రం వేషానికి ఇంత, సంగీతానికి ఇంత అని విడివిడిగా చెప్పండి. డబ్బు లేదంటే టైటిల్స్‌లో మీ పేరు రెండుచోట్లా వేయమనండి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.