హౌర్స్‌లో మూడు తరాలు దాటించినా జీపీ పెరగకపోతే

హౌర్స్ అనే ఆన్‌లైన్ గుర్రాల పెంపకం ఆటలో మూడు తరాలు దాటించినా జీపీ (జెనెటిక్ పొటెన్షియల్, అంటే గుర్రానికి పుట్టుకతో వచ్చే సామర్థ్యం) పెరగడం లేదని అడిగారు కదా. మీ తప్పు జంట ఎంపికలో లేదండీ, తొందరలో ఉంది. ఆడగుర్రానికి రెండున్నరేళ్లు రాగానే దాటిస్తున్నానని మీరే రాశారు. అప్పటికి దాని బ్లప్ (తన గుణాలను పిల్లకు ఎంత బాగా అందించగలదో చెప్పే అంకె) ఎంతుందో ఒకసారి దాని పేజీ తెరిచి చూడండి, మైనస్‌లో కనిపిస్తుంది. పిల్లకు వచ్చే జీపీ తల్లిదండ్రుల జీపీ ఒక్కదాన్ని బట్టే రాదు, వాళ్లిద్దరి బ్లప్ కూడా లెక్కలోకి వస్తుంది. ఆట మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇలాగే మైనస్ 38 ఉన్న ఆడగుర్రాన్ని చూలు కట్టించి, పిల్ల తల్లికంటే తీసికట్టుగా పుడితే ఆటనే తిట్టుకున్నాను.

బ్లప్ 100కి చేరాలంటే మూడూ కావాలి: ట్రైనింగ్ మొత్తం పూర్తవ్వాలి, పోటీల్లో 20 గెలుపులు రావాలి, వయసు పదేళ్లు నిండాలి. చాలామంది ఆగిపోయేది గెలుపుల దగ్గరే. పెద్ద గుర్రాలున్న పోటీల్లోకి దింపకండి. మీ జాతికి బలమైన నైపుణ్యాలు ఏవో చూసుకుని, వాటికి సరిపోయే చిన్న పోటీలు ఎంచుకోండి.

మగగుర్రం మీది కాకపోయినా పర్లేదు. బ్లప్ 100 ఉండి, జీపీ మీ ఆడగుర్రంకంటే ఎక్కువున్న దానితో దాటింపు కొనుక్కోండి. రంగు చూసి మాత్రం కొనకండి!

అన్నట్టు ఈ బ్లప్ ఆటవాళ్లు కల్పించిన పేరు కాదు. పాడి పశువుల ఎంపికకు నిజంగా వాడే లెక్క అది.